వెనకటి సూచిక

టేపు లోపలికి వెళ్ళింది.
గొంతు సవరించుకున్నట్టు డ్రైవు గరగరమంది,
ఆకుపచ్చ దీపం రెప్పలార్చింది,
తర్వాత తెర మీద ఒకే ఒక్క మాట:
మౌంట్ చేయలేను, లోపలి లెక్క పొసగడం లేదు.

సోమవారం. తోర్స్‌హావ్న్‌లో వాన అడ్డంగా కురుస్తోంది.
మా ప్రయోగశాల కిటికీకి ఎదురుగా
గొర్రెలు గాలికి వీపు పెట్టి నిలబడ్డాయి.
నాకు వీపు పెట్టే వీలు లేదు.
ఆ టేపులో మూడు చలికాలాల సముద్రం ఉంది,
జలసంధి అడుగున కట్టిన మైకు
రాత్రింబవళ్ళు విన్నదంతా.

ముందు కేబులు మార్చాను.
మార్చిందే పాడైందేమోనని మళ్ళీ పాతది పెట్టాను.
శుభ్రం చేసే టేపు వేసి తీశాను,
యాభైసార్లకే పనికొస్తుంది అది, ఇది నలభై ఏడోది.
డ్రైవర్ పాతదా, కొత్తదా, మరీ కొత్తదా?
నేను లేనప్పుడు కెర్నెల్ తనంతట తానే మారిందా?
వేరే టేపు పెడితే చక్కగా తెరుచుకుంది.
డ్రైవు నిర్దోషి.
అనుమానం ఒకచోట చస్తే ఇంకోచోట మొలుస్తుంది.

లాగ్ తెరిచాను. తొమ్మిది వేల వరసలు.
అన్నీ తప్పులే అయినచోట ఏ తప్పునూ నమ్మబుద్ధి కాదు.
ఎనిమిది వేలు దాటాక, శుక్రవారం
మూడూ యాభై రెండుకి,
ఒక చిన్న వరస, కేకలేమీ వేయకుండా:
ప్రోగ్రామ్ బలవంతంగా ఆపబడింది.
దాని పైన ఉండాల్సిన వరస లేదు:
సూచిక రాయబడింది.

ఈ టేపుల పద్ధతి ఇది:
మొదట ఒక ఇరుకు గది, అందులో సూచిక,
ఏ శబ్దం ఎక్కడుందో చెప్పే పట్టిక.
మిగతా అంతా శబ్దాలే.
సూచిక రాయకముందే లాగేస్తే
సముద్రం ఎక్కడికీ పోదు,
అడ్రసు పోతుంది.

యోహిల్డ్‌ను అడిగాను.
కాఫీ కప్పును రెండు చేతుల్లోకి తీసుకుని
"నాలుగింటి పడవ," అంది.
"రాస్తూనే ఉంది, రాస్తూనే ఉంది. అయిపోయిందనుకున్నా."
ఇల్లు అలకగానే పండగ కాదని చెప్పే నోరు నాకు లేదు.
కిందటేడు నేనూ ఇలాగే ఒక పడవ అందుకున్నాను,
అప్పుడు టేపు ఊరుకుంది, అంతే.

రిపేరు మొదలుపెట్టి ఇద్దరం కూర్చున్నాం.
ఈ టేపుల్లో ఒక మర్యాద ఉంది:
ప్రతి సూచికా తన ముందటిది ఎక్కడుందో
రాసిపెట్టుకునే ఉంటుంది.
కొసది దొరక్కపోతే దాని వెనకటిది,
అదీ లేకపోతే ఇంకా వెనకటిది.
చీకట్లో గోడ తడుముకుంటూ మెట్లు దిగినట్టు
డ్రైవు వెనక్కి, వెనక్కి చుట్టుకుంది.
రెండు గంటలు.
హేయిన్ తలుపు తోసి చూసి, ఏమీ అడక్కుండా
ఎండుచేప ముక్కలు బల్ల మీద పెట్టి పోయాడు.

రెండువందల పన్నెండో తరం: లేదు.
రెండువందల పదకొండో తరం: ఉంది.

ఫోల్డర్లు ఒక్కొక్కటే
తడిబట్టలు దులిపి ఆరేసినట్టు తెర మీదికొచ్చాయి.
సరిచూడ్డానికి ఏదో ఒకటి వినాలి కదా,
చేతికందిన జనవరి ఉదయాన్ని తెరిచాను.
ముందు ఏమీ లేదు. నీటి బరువు.
తర్వాత దూరాన్నుంచి ఒక దడదడ,
దగ్గరై, నెత్తి మీదికొచ్చి, దాటిపోయింది.
టైము చూశాను: ఏడూ నలభై.
రోజూ నేనెక్కే పడవ.
అందులో ఎక్కడో, కిటికీ పక్కన,
టోపీ కళ్ళ మీదికి లాక్కుని నిద్రపోతున్నాను.
కింద సముద్రం నన్ను వింటోంది.

శుక్రవారం మాత్రం రాలేదు.
టేపు చివర ఎక్కడో ఉంది, పేరు లేకుండా.
"పొగమంచు ఆరోజు," అంది యోహిల్డ్,
"ఏ పడవా కదల్లేదు.
నాలుగింటిది కూడా."
మూడు చలికాలాల్లో
మోటారు మోత లేని పగలు బహుశా అదొక్కటే.

మానిటర్‌కి పసుపు కాగితం అంటించాను:
ముందు అన్‌మౌంట్. పడవ ఆగుతుంది.

మర్నాటికి దాని కింద, పెన్సిల్‌తో, ఆమె చేతిరాత:
ఆగదు.