రిమోట్ పనిచేస్తలేదు

యాభై రెండేండ్లొచ్చినయ్ నాకు,
వారాసిగూడ గల్లీలల్ల ఇంకా నేను
కేబుల్ పిలగాన్నే.
నెత్తి మీద తీగలు మబ్బును కనిపించనియ్యవు.
అందుల ఏది ఎవరిదో
కరెంటోళ్ళకు తెల్వదు, కాకులకు తెల్వదు,
నాకు తెల్సు.

"మూడో అంతస్తు, సుగుణక్కను.
రిమోట్ పనిచేస్తలేదు."
ఫోన్ల గింతే.
పోయిన శుక్రారమే గద
ఆ ఇంట్ల కొత్త డబ్బా పెట్టిన,
దాని రిమోట్‌కు సదువు జెప్పిన.

సదువంటే సదువే.
టీవీ రిమోట్‌ను, డబ్బా రిమోట్‌ను
బల్ల మీద మూతికి మూతి పెట్టి,
నడుమ రెండేళ్ళ సందు ఇడిచి,
ఎర్రలైటు నిలకడగ వెలిగేదాంక
సెట్ బటన్ ఒత్తిపట్టి
పాతదాన్ని ఒక్కసారి ఒత్తితే
దాని మాట కొత్తదానికొస్తది.
ఆన్, ఆఫ్, సౌండు పెంచుడు, తగ్గించుడు,
నాలుగే ముక్కలు.
పాతది ఏం దాసుకోదు.
నాకు తీగ గుంజుడు నేర్పిన ఇస్తారన్న మాత్రం
కనెక్టర్ బిగించేటప్పుడు
అటు దిరిగి నిలబడేటోడు.

మెట్లెక్కిన.
మోకాలు లెక్కబెట్టింది, నేను బెట్టలే.

తలుపు తీసే ఉన్నది.
కుట్టు మిషను మీద సగం జాకెట్టు,
సూది కింద ఆగిన ఆకుపచ్చ చెయ్యి.
"ఛానల్ మారుతలేదన్నా,
నిన్నటిసంది వార్తలే.
ఆర్పితే ఆరుతది, సౌండు తగ్గుమంటే తగ్గుతది,
గని ఆ కోటేసుకున్నాయన్ను
పొమ్మంటే పోతలేడు."

రిమోట్‌కు ప్లాస్టిక్ కవరు,
కవరుకు రబ్బరు బ్యాండు,
పసిబిడ్డకు గుడ్డలు జుట్టినట్టు.
ఇప్పిన. సెల్లులు తీసిన.
ప్యాంటుకు రుద్ది, అరచేతుల దొర్లించి మళ్ళేసిన.
ఇది ఉత్త మంత్రమని నాకెర్కే,
చెయ్యకపోతే వాళ్ళు నమ్మరు.

ఫోన్ కెమెరా ముంగట మూతి పెట్టి ఒత్తిన.
కండ్లకు కానరాని వెలుగు
తెర మీద ఊదారంగుల మినుక్కుమన్నది.
"అబ్బో" అన్నది సుగుణక్క,
"గిదా, దినాం నా చేతులకెళ్ళి పోయేది?"

అయితే రిమోట్ బతికే ఉన్నది.
టీవీ ఇంటున్నది.
ఇననిది డబ్బా.
వంగి దాని మొఖం జూసిన.

కంటి మీద బొట్టుబిళ్ళ.
మెరూన్ రంగుది, గుండ్రంది,
స్నానానికి పోతూ అద్దానికంటించినట్టు
ఒద్దికగ అంటించి ఉన్నది.

నేను అడగలే.
ఆమెనే చెప్పింది, దారం కొరుకుతూ.
"రాత్రయితే ఆ ఎర్రలైటు
ఒక్కతీరుగ సూస్తుంటదన్నా.
మా ఆయనకు నైట్ డ్యూటీ.
లైటార్పి పండుకుంటే ఇంట్ల నేనూ, అదీ.
ఎవరో నిద్రపోకుంట
నా దిక్కే ఉన్నట్టనిపిస్తది.
అందుకే మూసిన."

ఇరవై ఏడేండ్ల పనిల
ఎలుక కొరికిన తీగ జూసిన,
చాయ్ తాగిన రిమోట్ జూసిన.
భయానికి అంటించిన బొట్టును
కంప్లైంటు బుక్కుల ఏ గడిల రాయాలె?

గోటితో లేపిన. ఒత్తిన.
కోటాయన పోయిండు.
ఎవరో పెండ్లి బంతిల పప్పు వడ్డిస్తున్నరు.
సుగుణక్క నవ్వింది గని
చూపు కిటికీ దిక్కు పోయింది.
పొద్దింకా గూకలే.

"లైటు వేరక్కా, కన్ను వేరు.
నడుమ బియ్యపుగింజంత జాగ."
కత్తెరిచ్చింది, జాకెట్లు కత్తిరించేది.
బిళ్ళను నడిమికి కోసిన.
సగం లైటు మీద అంటించిన,
కన్నును ఇడిచిపెట్టిన.

పైసలియ్యబోయింది, వద్దన్న.
చాయ్ తాగుమన్నది,
అప్పటికే ఇంకో ఫోను:
చిలకలగూడ, బొమ్మొస్తుందట, సౌండొస్తలేదట.

సిగ్నల్ కాడ బండి ఆపి
హ్యాండిల్ మీద చెయ్యి జూసుకున్న.
బొటనవేలికి
మిగిలిన సగం బొట్టు.

ఇంట్ల అడిగితే ఏం జెప్పాలె అని
పచ్చలైటు పడేదాంక ఆలోచించిన,
పడ్డంక సుత కొంచెంసేపు.
ఎనకున్న ఆటో
హారన్ కొడుతనే ఉన్నది.