తొలిచే ముందు

అనంతపురం ఆస్పత్రిలో, తెర మీద
నా గుండె తిరుగుతోంది,
ఇంకా కోయని గుండె.
"ఇదిగో పెన్నోబులేసూ, సున్నం పట్టిన తలుపు"
మౌసు తిప్పుతూ షాహిదా మేడం.

ముప్పయ్యేళ్లు బోరు లారీ మీద బతికినోణ్ణి.
కల్యాణదుర్గం దిక్కు
అరచేతిలో టెంకాయ లేచి నిలబడితే చాలు,
ఏడొందల అడుగులు దించేవాళ్లం.
తెల్లదుమ్ము లేచేది.
అడుక్కింతని లెక్కగట్టి
రైతు మొకం చూడకుండా రాడ్లు ఊడదీసేవాణ్ణి.

ఈమె
తొడలోంచి తీగను
ఉత్తుత్తి నెత్తుట్లో ఎక్కించి చూస్తోంది.
మూడుసార్లు వాల్వు జారింది.
మూడుసార్లూ నేను చావలేదు.

నాలుగోసారి సైజు మార్చింది.
పట్టింది, చట్రంలో తలుపు పట్టినట్టు.

"భయమా?" అంది.

కాదమ్మా.
ఈ తెర అప్పుడే ఉండుంటే
కంబదూరు మారెక్క చెనిక్కాయల చేన్లో
మూడు బోర్లూ
ఉత్తుత్తివే అయ్యుండేవి.