విప్పేసిన మెట్టు

కోటీ ముప్పై లక్షల బండి.
పీణ్య రెండో స్టేజీలో మా షెడ్డు ముందర నిలబడె.
తలుపు తెరిస్తే చాలు
కింద నుంచి మెట్టు దానంతటదే జారి వచ్చేది,
పాదం కింద అరచెయ్యి పట్టినట్టు.

"మొదట ఇది పీకేయండి" అన్నాడు నాణయ్య సారు.

ఆయన ఫోన్లో ఎండిపోయిన నది ఒకటి ఉంది.
వేళ్లతో పెద్దది చేసి
"ఈ రాళ్ల మీద పోవాల" అని చూపించినాడు.
మడకశిర పక్కన మాకూ అట్లాంటి ఏరు ఉండాది.
గొర్రెలు పోతాయి దాంట్లో,
ఊరికే.
చెప్పలేదు నేను. కొటేషన్ రాసిచ్చినా.

మూడు నెలలు పట్టె.
గాలి బుడగల సస్పెన్షన్ తీసి
ఇనుప స్ప్రింగులు బిగించినాం.
మూడించులు లేచింది బండి,
జాతరలో పొట్టివాడు మునివేళ్ల మీద లేచినట్టు.
ఫెండర్ కోసే రోజు ఇలియాస్
గ్రైండర్ పట్టుకుని, బిస్మిల్లా అని,
కళ్లు మూసి, మళ్లీ తెరిచి,
"అన్నా, ఈ రేకు మా ఇంటి అడ్వాన్సు కంటే ఎక్కువ గదా" అన్నాడు.
కొయ్‌రా అన్నా.
రవ్వలు లేచినాయి.
రేకుకు దాని ఖరీదు తెలీదు,
మెత్తగా తెగింది.

ఊపిరి తీసుకునే గొట్టం నెత్తి మీదికి పోయె,
నీళ్లలో ఈదే ఏనుగు తొండమెత్తినట్టు.
ముందర బంపర్లో వించి:
బురదలో దిగబడితే
చెట్టుకు తాడు కట్టి తనను తానే లాక్కుంటాదంట.
చీటీ డబ్బులు కట్టే తేదీకి
నాకూ అట్లాంటిదొకటి కావాల.

పైన గుడారం.
నట్లు ఊగుతాయేమో చూసేదానికని చెప్పి
ఒక రాత్రి అందులోనే పడుకున్నా.
జిప్పు తీస్తే
తుమకూరు రోడ్డు ఫ్లైఓవరు కింద నిద్రపోయే లారీలు,
నైట్ షిఫ్టు ప్రెస్సుల దడదడ,
ఆఖరి మెట్రో, కిటికీలో ఒక్క తల.
పద్నాలుగేళ్లుగా నేను ఉండే ఊరు
తొమ్మిదడుగుల మీద నుంచి
పాస్‌పోర్టు లేకుండా వచ్చిపడిన దేశం మాదిరి ఉండె.
తెల్లారి నట్లన్నీ సరిగానే ఉన్నాయి.

డెలివరీ రోజు సారు వాళ్లమ్మను పిల్చుకొచ్చినాడు.
కుచ్చిళ్లు వెనక్కి దోపుకునే కొడగు చీర,
వెండి పిన్ను.
ఆమె తలుపు పట్టుకుంది. కాలు ఎత్తింది.
దించింది.
బండి చుట్టూ ఒకసారి తిరిగి
టైరును గుమ్మడికాయ మాదిరి తట్టి చూసి
"చెన్నాగిదె" అనె.
"నాకు ఒక ఆటో పిలవండి" అనె.

ఆ రాత్రే సారు ఫోను.
వాళ్ల అపార్ట్‌మెంటు బేస్‌మెంటు దూలం ఏడడుగులంట,
గుడారం తగిలి నిలిచిపోయినాడంట.
హిమాలయం ఎక్కాల్సిన బండి
ఇంటి కిందికి దిగలేక
మళ్లీ మా షెడ్డు కాడికే వచ్చె.
పదకొండు రోజులు ఉండి
ఉత్తరానికి పోయింది.

పీకినవన్నీ మాకే వదిలేసినాడు.
క్రోము పట్టీ ఇలియాస్ ఇంట్లో కర్టెన్ కడ్డీ.
మెత్తటి కార్పెట్టు మీద
గల్లీ కుక్క నాలుగు పిల్లల్ని ఈనింది.

ఆ మెట్టును మాత్రం
మోరీ పక్కన షెడ్డు గడప కింద బిగించినా,
పాత బ్యాటరీ ఒకటి తగిలించి.
పొద్దునా సాయంత్రం టీ తెచ్చే మునెక్కకు మోకాళ్లు పట్టేసినాయి,
గడప రెండడుగుల ఎత్తు.
మొదటి రోజు మెట్టు జారి వస్తానే
కెవ్వుమని ఫ్లాస్కు వదిలేసె,
మా వంశాన్నంతా తిట్టె.
రెండో రోజు చెప్పులు విడిచి
ఎక్కింది.

రిలే ఎక్కడో లూజు.
నడిరాత్రి ఎవరూ లేకపోయినా
టక్కుమని బయటికొచ్చి
మోరీ మీద వానలో అట్లే చాపుకుని ఉంటాది.
మార్చాల. రెండొందల పని.
రేపు, ఎల్లుండి అంటాండా.