పదకొండు రోజులు

ఈరీ సరస్సు గడ్డకట్టిన ఫిబ్రవరి నాలుగున
నా కిటికీ ముందు కూర్చుంది రమోనా స్టెఫానిక్.
బూట్ల మంచు కరిగి
కుర్చీ కింద చిన్న మడుగు.
ఒడిలో చెప్పుల డబ్బా. అందులో
ఆరు నెలల బతుకు, రబ్బరు బ్యాండు వేసి.

నా పని లెక్క చూడటం.
ఆరు నెలల్లో వచ్చిందెంత, ఇంట్లో తలలెన్ని,
గీతకు ఈవలా, ఆవలా.
దయకు ఈ ఫారంలో గడి లేదు.
ఉన్నా, ‘వర్తించదు’ అని నింపమనేవాళ్లు.

ఇంట్లో ఎంతమంది, అన్నాను.
ఏ పూట, అంది.
పగలు ఇద్దరం, నేనూ మనవడు ఓవెనూ.
రాత్రి ముగ్గురం.
పక్కవాటా ముసలాయన ఎమిల్
హీటరు చెడినప్పట్నించీ మా సోఫాలోనే.
సూపులో ఆయనకీ ఓ గరిటె.

గరిటెలు లెక్కలోకి రావు, అన్నాను.
రక్తమైనా ఉండాలి, పెళ్లైనా,
లేదంటే కోర్టు కాగితం.
ఎమిల్‌ని కొట్టేశాను.
నా కలం అడ్డంగా పోతుంటే
ఆమె కళ్లు కూడా దాని వెంటే పోయాయి.

జీతం చీటీలు ఒక్కొక్కటే సాపు చేసి ఇచ్చింది.
ఆగస్టు పద్నాలుగు చెక్కు మాత్రం బలిసి ఉంది.
మూసేసే ముందు ఆర్డర్లన్నీ
ఒక్కసారే పూర్తి చేయించుకుందట ప్లాస్టిక్ కంపెనీ.
మా గొయ్యి మేమే తవ్వుకున్నాం, అంది,
గంటకు ఒకటిన్నర రెట్లు.

ఏ శిక్షణ కావాలి?
రక్తం తీసే పని.

అప్పుడు తీసింది పర్సులోంచి ఒక కార్డు.
ఇదీ రాయండి.
వారానికి రెండుసార్లు ప్లాస్మా అమ్ముతాను.
గొంతు తగ్గించి అన్నాను,
దీని సంగతి ఎవరూ తవ్వి చూడరమ్మా.
మీరు అడిగారుగా, అంది, వచ్చిందంతా అని.

రాశాను.
మీటలు నొక్కాను. మళ్లీ నొక్కాను.
ముప్పై ఎనిమిది డాలర్లు ఎక్కువ.

ముప్పై ఎనిమిది డాలర్లంటే
ఓవెన్ బూట్లు, కుడికాలిది మాత్రమే అనుకుందాం.
ఆ కాలు గీత దాటింది,
మిగతా మనిషంతా ఇవతలే ఉండిపోయింది.

క్యాలెండరు చూశాను.
పదకొండు రోజులు ఆగండి.
ఆగస్టు చెక్కు ఆరు నెలల వెనక్కి జారిపోతుంది.
అప్పటికి మీరు పేదవారవుతారు.

నోట్లోంచి వచ్చాక గానీ వినపడలేదు నాకా మాట.
ఆమె నవ్వింది, దగ్గొచ్చేదాకా.
ఆగగలను, అంది. ఆ పనిలో నాకు చాలా అనుభవం.

పదహారున క్లాసు. పంతొమ్మిది సీట్లు.
పద్దెనిమిది పేర్లు అప్పటికే పడ్డాయి.
ఆ సంగతి ఆమెకు చెప్పానా?
చెప్పాను. మెల్లగా, ఫైలు సర్దుతూ.

మధ్యాహ్నం శాండ్‌విచ్ తింటూ
నా జీతాన్నీ నా ఇంటి తలల్నీ
అవే గడుల్లో వేసి చూశాను.
ఎంత వచ్చిందో మాత్రం చెప్పను.

పన్నెండో తారీఖున పంతొమ్మిదో పేరు పడింది.
పదమూడున అది కొట్టివేత.
ఆ కుర్రాడికి గోదాములో రాత్రి డ్యూటీ దొరికిందట.
అదృష్టానికీ గడి లేదు ఫారంలో.

పదిహేనున తలుపు తీయకముందే
మంచులో నిలబడి ఉంది,
అదే డబ్బా, కొత్త రబ్బరు బ్యాండు.
మోచేతి మడతలో చిన్న పట్టీ,
నిన్నటిది కాబోలు.

సంతకం ఇక్కడ, ఇక్కడ, ఇంకోటి వెనకాల.
ఎమిల్ ఎలా ఉన్నాడు, అన్నాను.
హీటరు బాగైంది, అంది.
అయినా వెళ్లలేదు.

కాగితం ఆమె వైపు తిప్పడానికి చెయ్యి చాపాను.
చొక్కా మడత పైకి జరిగింది.
ఆమె సంతకం ఆపి,
నా మోచేతి లోపలికి చూసి,
బాగా పనికొచ్చే నరం, అంది.