వయసు గడి

నా రిజిస్టరులో పేరు పక్కన ఒక గడి ఉంటుంది,
వేలి గోరంత.
మూడేండ్ల కింద ఆ గడిలో
పదైదు రాయాల్సిన చోట
పంతొమ్మిది రాసినాను.

"రాయమ్మా నాగవేణీ,
పెన్నుకేమన్నా నొప్పా" అనింది అత్త.

పెన్నుకు నొప్పి లేదు.
నొప్పులొచ్చింది ఉరుకుందమ్మకు,
ఏడో నెల్లోనే,
కోసిగి నుంచి ఆదోనికి పోయే దోవలో.
అంబులెన్సులో నా చెయ్యి పట్టుకొని
"అక్కా, నా జామెట్రీ పెట్టె
మా చెల్లి విరగ్గొట్టిందంట" అనింది.

పిల్ల మిగిలింది.
బిడ్డ మిగల్లేదు.
రెండూ నేనే రాసినాను,
అదే రిజిస్టరులో, అదే పెన్నుతో.

పత్తి ఏరడం అయిపోతే ఊరు సుగ్గికి లేస్తుంది.
గుంటూరు మిరప చేన్లకు
ఐచర్ బండ్లలో
చాపలు, రొట్టె పెనాలు, కాళ్లు కట్టిన కోళ్లు.
ఎదిగిన పిల్లను తీసకపోతే
చేను గట్టున పట్ట గుడిసె, భయం.
ఇడిసిపెట్టి పోతే తాళమేసిన వీధి, భయం.
రెండు భయాలకూ ఒకటే మందు రాస్తారు:
మూడు ముళ్లు.

మీటింగు పెట్టినాను.
చార్టు పట్టుకొని చట్టం చెప్పినాను.
అందరూ తలూపినారు.
తలూపడం మా ఊర్లో చౌక.
సుంకులమ్మవ్వ ఒక్కతే ఊపలేదు.
"అదంతా సరే,
రాత్రి పిల్లను కాసేదెవురు? అది చెప్పు."

చార్టు చుట్టేసినాను.

బడి తాళం కోసం హెడ్మాస్టరు చుట్టూ
పన్నెండు దినాలు తిరిగినాం.
బండెక్కే ముందు ఇంటికి రెండు సేర్ల జొన్నలు
ఖాజాబీ టీ కొట్లో పోసిపోయినారు.
సుగ్గికి పనికిరాని వాళ్లు,
మోకాళ్లు అరిగినోళ్లు, కండ్లకు పొరలొచ్చినోళ్లు,
కాపలాకు వంతులేసుకున్నారు.

మొదటేడు నలుగురు పిల్లలు.
అందులో మాదేవిని
నడిమధ్యలో మామ వచ్చి తీసకపోయినాడు.
తలుపు తీసింది నేనే.

ఉరుకుందమ్మ ఇప్పుడు రాత్రిళ్లు అక్కడే పండుకుంటుంది.
లైటు ఆర్పినాక
పిల్లలు అడుగుతారు, ఆమె చెబుతుంది.
ఏం చెబుతుందో నేను వినను.
నా చార్టులో ఆ బొమ్మలు లేవు.

మాదేవికి మాత్రలు
పేపర్లో చుట్టి తీసకపోతాను.
అవేంటివో మాదేవికి తెలుసు, మొగునికి తెలుసు.
అత్త అడిగితే రక్తం మాత్రలంటాను.
ఇదీ అబద్ధమే.
ఈ అబద్ధం మీద నాకు నిద్ర పడుతుంది.

ఈ ఏడు పదకొండు మంది.
సుంకులమ్మవ్వకు మొహాలు ఆనవు.
గడప కాడ కూకొని
చెప్పులు తడిమి లెక్కపెడుతుంది.
ఇరవై రెండు వస్తేనే తలుపేస్తుంది.

మొన్న రాత్రి ఇరవై ఒకటి వచ్చినాయి.
అవ్వ అరుపుకు
వీధి వీధంతా బ్యాటరీలు పట్టుకొని లేచింది.
పిల్లలు వరసగా నిలబడి
నవ్వాపుకోలేక
ఒకర్నొకరు లెక్కపెట్టి చూపించినారు,
పదకొండు, అవ్వా, పదకొండు.

కుక్క ఎత్తకపోయిన చెప్పు
తెల్లార్నాక తుమ్మకంపలో దొరికింది,
మడమ కాడ కొరికేసి.
దాన్నే తొడుక్కొని ఆ పిల్ల
పక్క గదిలో తొమ్మిదో తరగతికి పోయింది.
నాలుగడుగులే కదా.