ముట్టుకోవద్దు

పెట్టెకి తాళం వేసింది నేనే.
రైల్వేలో ఉద్యోగం దొరికిన పాత శిష్యుడొకడు
మా బరువుల హాలుకి ఇచ్చిపోయాడు. ఖరీదైంది.
పిల్లలు తీసి ఆడతారని అద్దాల బీరువాలో పెట్టి
తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాను.
దసరాకి డంబెల్సుతో పాటు దానికీ ఒక బొట్టు.

ఆ పొద్దు నేను నెల్లిమర్లలో కోడిగుడ్లు బేరమాడుతున్నాను.
ఇక్కడ అసిరయ్య,
పిల్లలు చేతులకి పూసుకునే తెల్లపొడి ఊడుస్తూ ఊడుస్తూ
చీపురు మీదే ఒరిగిపోయాడు.
గుర్రుమని ఒక చప్పుడు. కాసేపాగి ఇంకొకటి.
"గురకెడతన్నాడు, రాత్రి తాగీసుంటాడు" అన్నాడట ఒకడు.
"గురక కాదురా. అది ఊపిరే కాదు" అంది కుసుమ,
పదిహేడేళ్ల పిల్ల, నలభై తొమ్మిది కిలోల తరగతి.
రెండున్నర కిలోల ప్లేటుతో అద్దం పగలగొట్టింది.

ఇన్నేళ్లూ దానికి ఎత్తడమే నేర్పాను.
నొక్కడం, బడిలో ఒక పూట
రబ్బరు బొమ్మ మీద నేర్చిందట.
రొమ్ము నడిమిన, మోచేతులు వంచకుండా, పైకి లెక్కపెడుతూ.
పక్కటెముక పుటుక్కుమన్నా ఆపలేదట.
ఇంకొకడు చొక్కా చింపి, చెమట తువ్వాలుతో తుడిచి
కుడి భుజం కింద ఒకటి, ఎడమ చంక దిగువన ఒకటి
రెండు అట్టలు అంటించాడు.

అప్పుడు పెట్టె మాట్లాడింది, ఇంగ్లీషులో, ఆడగొంతుతో.
కుసుమ తెలుగులో అరిచింది:
"ముట్టుకోవద్దంట! ఎవులూ ముట్టుకోవద్దంట!"

అసిరయ్యకి కొత్త మాటా అది?
టీ బడ్డీ దగ్గర, నూతి గట్టు మీద,
పుట్టిన దగ్గర్నుంచీ విన్నదే.
బారు మీద అతని చెయ్యి పడితే
గుడ్డ తెప్పించి తుడిపించినవాణ్ణి నేను.
మొదటిసారి ఆ మాట అతని మేలు కోరి పలికింది.
వినడానికి అతను లేడు.

ఒళ్లు ఒక్కసారి ఎగిరిపడింది.
ఇప్పుడు ముట్టుకోండి, నొక్కండి, అంది పెట్టె.
ఏ వీధి పిల్లలో ఏమో
వంతులేసుకుని నొక్కారు.

విజయనగరం నుంచి 108 వచ్చేసరికి ఇరవై రెండు నిమిషాలు.
అప్పటికే మూలుగుతూ
చొక్కా కోసం తడుముకుంటున్నాడట.

నెల తిరిగింది. బీరువాకి అద్దం వేయించలేదు.
తాళంచెవి మాత్రం మొలతాడుకే ఉంది,
నడుస్తుంటే తొడకి తగులుతుంది.

నిన్న వచ్చాడు. చీపురు అందుకోబోతే వద్దన్నాను.
నా గ్లాసులో టీ పోసి ఇచ్చాను.
పట్టుకుని కూచున్నాడు, తాగలేదు, చల్లారిపోయింది.
గోడకేసి చూస్తూ అడిగాడు:
"ఆ పచ్చ దీపం ఎలగతందా, బావూ?"
ఎలుగుతోందన్నాను.