పది గురిగింజలు

పిచ్చాటూరులో మా అంగడికి తాళం పడినాక
నాయన తక్కెడ ఒక్కటే నా వెంట వచ్చింది,
అరణియారు కట్ట కిందికి, చెంగల్రాయులు చేపపిల్లల తొట్లకాడికి.
అరచేతిలో పట్టే తక్కెడ.
ఊపిరి తగిలినా ముల్లు ఊగుతుంది.

ఆ ఏడు శీలావతి పిల్లలకు కండ్లు తెల్లబడినాయి.
వేలెడు కూడా లేవు,
ముసలోళ్ల మాదిరి పొర కమ్మిన చూపుతో
మేత పక్కనే ఉన్నా తెలియక
సిమెంటు గోడకు మూతులు కొట్టుకునేవి.
కొన్నిటికి నడుము వంకర,
పనితనం తెలియనోడు వంచిన కొక్కెం మాదిరి.

"తినేదానికి ఏం తక్కువ చేసినాం?" అనింది గుణవతి.
నిజమే. తవుడు, చెనిక్కాయల చెక్క, బస్తాలకు బస్తాలు.
కడుపులు ఉబ్బే ఉన్నాయి.

తిరుపతి నుంచి చేపల చదువు చదివే పిల్ల ఒకతి వచ్చి
చచ్చినదాన్ని బ్లేడుతో చీల్చి చూసింది.
జింకు తవుట్లోనే ఉందంట.
తవుడే దాన్ని గట్టిగా పట్టి పెట్టుకునిందంట, విడవదంట.

నాకు నవ్వొచ్చింది.
తాకట్టులో పెట్టిన నగ అన్నమాట.
పేరు మనదే, మెడలో మాత్రం ఉండదు.

చీటీ రాసిచ్చింది. నూరు కిలోల మేతకు
జింకు సల్ఫేటు తులానికి కాస్త పైన,
మాంగనీసు అందులో మూడో వంతు,
మైలుతుత్తం పది గురిగింజల ఎత్తు,
సెలీనియం అర గురిగింజ కూడా కాదు.
చెంగల్రాయులు పారతో కొలిచే మనిషి.
చీటీ తిప్పి తిప్పి చూసి
"ఇంతేనా? ఇంకో పిడికెడు ఎయ్యి, పోయేదేముంది" అన్నాడు.

పోతుంది సామీ.
ఇరవై రెండు పాళ్ల బంగారానికి రెండు పాళ్లు రాగి.
అది లేకుంటే గొలుసు చేతిలోనే సాగిపోతుంది.
ఎక్కువైతే నల్లబడి, ఊరంతా మా నాయన్ని దొంగ అంటుంది.
నీళ్లల్లో అయితే
అనేదానికి కూడా ఎవరూ మిగలరు.

ఇప్పుడు తెల్లారే ఫ్యాను ఆపి, తలుపు మూసి,
గుణవతిని మాట్లాడొద్దని చెప్పి తూస్తాను.
తూచినదాన్ని చారెడు పిండిలో,
ఆ చారెడును చాటెడు పిండిలో,
చాటను తవుట్లో.
ఆ తర్వాత అది ఏ ముద్దలో ఉండాదో నాకే తెలియదు.

పొర కమ్మినవాటికి చూపు మళ్లీ రాలేదు.
అమ్మేదానికి పనికిరావు,
పారేసేదానికి గుణవతి ఒప్పుకోలేదు.
మేత ఏసేముందు తొట్టి అంచు మీద వేలితో కొడుతుంది.
ఆ చప్పుడుకు వస్తాయి.

కొత్త పిల్లలు మాత్రం, నేను వంగితే చాలు,
నీడ చూసి చెదిరిపోతాయి.
నన్ను చూసి ఎవరన్నా పారిపోతే
ఇంత సంతోషంగా ఉంటుందని
నాకు తెలీదు.